మడత విప్పని చీర

నా నవల నాలుగుసార్లు తిరిగొచ్చిందని చెప్పుకోవాలని ఉంటుంది. వినడానికి బాగుంటుంది కదా. నిజానికి అది ఒక్కసారే తిరిగొచ్చింది. మిగతా మూడుసార్లు ఎటు పోయిందో నాకు తెలీదు.

మొదట ఒక పోటీకి పంపాను. ‘ఇది నా సొంత రచన, అనువాదమూ అనుసరణా కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు’ అని హామీ పత్రం రాసి సంతకం పెట్టాను. పోటీ ప్రకటన చివర్లో చిన్న అక్షరాలతో ‘ఎంపిక విషయంలో ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు’ అని ఉంది. పంపేటప్పుడు ఆ వాక్యం ఇంకెవరి కోసమో రాశారనుకున్నాను. ఫలితాలు వచ్చాయని కూడా నాకు ఎవరూ చెప్పలేదు. మా స్కూల్లో తెలుగు మాస్టారు స్టాఫ్ రూములో ఫోన్ చేతికిచ్చి చూడమంటే చూశాను. మొదటి బహుమతి, రెండో బహుమతి, సాధారణ ప్రచురణకి తీసుకున్నవి. పై నుంచి కిందికి ఒకసారి, కింద నుంచి పైకి ఒకసారి చదివాను.

రెండోది ఒక ప్రచురణ సంస్థ. ఏడు నెలల్లో మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ ‘చూస్తున్నామండీ’ అన్నారు. నాలుగోసారి చేయడానికి నాకే మొహం చెల్లలేదు. మూడోది ఒక వెబ్ పత్రిక, సీరియల్‌గా వేసుకుంటారేమోనని మెయిల్ చేశాను. అందిందని జవాబొచ్చింది. అదే మొదటి జవాబు, అదే ఆఖరి జవాబు.

నాలుగోదాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మా నాన్న గురించి చెప్పాలి.

మా నాన్న నేత పని చేసేవాడు. వేటపాలెం పక్క ఊరు మాది. నడింట్లో గుంట మగ్గం. నేసిన చీరలు షావుకారుకి ఇచ్చే రోజు సైకిలు వెనకాల కూర్చుని నేనూ వెళ్ళేదాన్ని. షావుకారు చీర మడత విప్పి గుమ్మం దగ్గర వెలుతురుకి అడ్డంగా పట్టుకునేవాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళ మధ్య జార్చుకుంటూ పోయేవాడు. ఎక్కడో ఒకచోట ఆగేవాడు. “ఇదిగో, ఇక్కడ రెండు పోగులు వదిలేశావు” అనేవాడు. నాన్న వంగి చూసేదాకా వేలు అక్కడే ఆనించి ఉంచేవాడు. తర్వాత మజూరీలో కొంత కోసేవాడు. ఆ కోత అంటే ఏంటో ఆ రాత్రి కూర చూస్తే మాకు తెలిసిపోయేది. నాన్న ఇంటికొచ్చి షావుకారుని నోటికొచ్చినట్టు తిట్టేవాడు. మరుసటి వారం ఆ చోట మాత్రం పోగు తప్పేది కాదు.

ఆ షావుకారుని మంచివాణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. లేని తప్పులు కూడా చూపించిన వారాలున్నాయని నాన్న ఇప్పటికీ అంటాడు. అప్పు తీసుకున్నవాడు ఎదురు వాదించలేడు కాబట్టే ఆ వేలికి అంత బలం. అయినా వేలంటూ ఒకటి ఉండేది.

పోటీ ఫలితాలు చూసిన రోజు రాత్రి నాన్నకి ఫోన్ చేశాను.

“వేసుకోలేదు నాన్నా.”

“ఎక్కడ పోయిందో చూపించారా అమ్మా?”

“లేదు.”

“మరి మడత విప్పి చూశారని నీకేం తెలుసు?”

నాకప్పుడు కోపమొచ్చింది. ఓదార్చమని ఫోన్ చేస్తే ఇదేం మాట అనుకున్నాను. ఓదార్చడానికి వేరే వాళ్ళు చాలామందే దొరికారు. వాళ్ళందరూ చెప్పింది ఒకటే కథ. హారీ పోటర్ రాసినావిడని పన్నెండు మంది ప్రచురణకర్తలు వెనక్కి పంపారట, తెలుసా? తెలుసు. మా స్టాఫ్ రూములో చెప్పారు, పెళ్ళిలో చెప్పారు, మా ఆడపడుచు కొడుకు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి మరీ చెప్పాడు. వాడికి పుస్తకాలంటే పడదు, అయినా ఈ ముక్క తెలుసు.

ఈ కథతో నాకు రెండు పేచీలున్నాయి. పన్నెండుసార్లు కాదనిపించుకుని పదమూడోసారి గెలిచినావిడ కథ మనదాకా వచ్చింది. పన్నెండుసార్లు కాదనిపించుకుని అక్కడే ఆగిపోయినవాళ్ళ కథలు ఎలా వస్తాయి? 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టిన నవలల పోటీలో వేయిపడగలు, నారాయణరావు రెండూ బహుమతి పంచుకున్నాయని గొప్పగా చెప్పుకుంటాం. ఆ పోటీకి పంపి, వెనక్కి తెచ్చుకుని, అటక మీద పెట్టుకున్నవాళ్ళు ఏ ఊరివాళ్ళో ఎవరు చెప్పగలరు? వాళ్ళలో కొందరివి నిజంగానే బాగోలేకపోయి ఉండొచ్చు. కొందరివి బాగుండి కూడా ఉండొచ్చు. పట్టుదల ఉంటే చాలనే మాట ఈ రెండు రకాలకీ తేడా చెప్పదు. నాకు కావాల్సింది ఆ తేడానే.

రెండో పేచీ ఇంకా చిన్నది. మన దగ్గర పన్నెండు మంది కాదనాలంటే ముందు పన్నెండు మంది ఉండాలి కదా! పేరు లేని మనిషి రాసిన మొదటి నవలని, సొంత డబ్బు పెట్టి, చదివి, ఎంచి అచ్చేసే తెలుగు సంస్థలు ఎన్ని? వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెడితే రెండో చెయ్యి పూర్తిగా వాడాల్సిన పని నాకైతే పడలేదు. పన్నెండు తిరస్కరణలు కూడా ఒక వైభవమే.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. ఆ విషయం నాకు వేటపాలెం సారస్వత నికేతనంలో తెలిసింది. 1918లో పెట్టిన గ్రంథాలయం అది. గాంధీగారి చేతికర్ర ఉందని చూడ్డానికి వచ్చేవాళ్ళు వస్తారు. నేను మాత్రం నవల కోసం పాత పత్రికలు తిరగేయడానికి వెళ్ళేదాన్ని. తుపాను వానలకి మగ్గం గుంటల్లోకి నీళ్ళొచ్చి పని ఆగిపోయిన సంవత్సరాల వార్తలు కావాల్సి వచ్చాయి. వాటికోసం చూస్తూ వారపత్రికల్లో ‘రచయితలకు సూచనలు’ దగ్గర ఆగిపోయాను. కాగితానికి ఒకవైపే రాయాలి. స్వీకరించని రచనలు తిప్పి పంపాలంటే తగిన స్టాంపులు అంటించి, సొంత చిరునామా రాసిన కవరు జతపరచాలి. ఆ మాట చదివి చాలాసేపు కూర్చున్నాను. కాదనడానికి ఒక ఏర్పాటు ఉండేదన్నమాట. ఆ కవరు ఇంటికొస్తే సంగతి తెలిసిపోతుంది. ఏడవాలనుకుంటే ఏడవొచ్చు, మర్నాడు ఇంకో పత్రికకి పంపుకోవచ్చు.

ఇప్పుడు ఆ పత్రికల్లో చాలా వరకూ లేవు. 1978 నుంచి నెలకో నవల చొప్పున అచ్చేసిన చతుర కూడా 2021లో ఆగిపోయింది. నెలకొకటంటే ఏడాదికి పన్నెండు. అందులో తొలి నవలలు ఎన్నో నేను లెక్క కట్టలేదు. కానీ ఆ పన్నెండు ఎంచడానికి ఇంకెన్నో చదివి పక్కన పెట్టే మనుషులు జీతం తీసుకుని ఒక ఆఫీసులో కూర్చునేవారు. మనం పత్రికలు పోయాయని బాధపడతాం, సీరియళ్ళు పోయాయని బాధపడతాం. కాదనేవాళ్ళు పోయారని ఎవరూ బాధపడరు. నేను పడుతున్నాను.

కాదనకుండా ఊరుకునేవాళ్ళని తిట్టడానికి కూడా నాకు పూర్తిగా మనసొప్పదు. చిన్న ప్రచురణ సంస్థ అంటే చాలాసార్లు ఒకే మనిషి. పగలు ఇంకో ఉద్యోగం. డీటీపీ వాళ్ళ చుట్టూ తిరగాలి, ప్రూఫులు దిద్దాలి, పుస్తకాల షాపుల్లో పాత బాకీలు అడగాలి. మూడు వందల నలభై పేజీల నా నవల ఆ మనిషికి ఆదివారం మీద పడ్డ బండరాయి. అది ఒప్పుకుంటాను. ‘మేం వేసుకోలేం’ అని రెండు మాటలు టైపు చేయడానికి మాత్రం ఆదివారం అక్కర్లేదు. ఆ రెండు మాటలు రాయకపోవడాన్ని మనవాళ్ళు మర్యాద అనుకుంటారు. మొహం మీద కాదనలేక ‘చూస్తున్నాం’ అంటారు. పెళ్ళి సంబంధాలకీ ఇదే పద్ధతి. పిల్ల నచ్చలేదని చెప్పరు, జాతకాలు కుదరలేదంటారు. అది కూడా చెప్పకుండా ఊరుకుంటే ఆ పిల్ల తండ్రి ఎన్నాళ్ళు ఎదురుచూడాలి?

ఆ ఎదురుచూపుల్లో నేనేమీ హుందాగా లేను. జనవరిలో విజయవాడ పుస్తకాల పండక్కి వెళ్ళాను. కొత్త నవల ఏది కనిపించినా తీసి, మొదటి పేజీ చదవకుండా దాని వెనకున్న పేజీ చూసేదాన్ని. ‘ప్రతులకు’ అని ఉన్నచోట రచయిత ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఉంటే సొంత ఖర్చుతో వేసుకున్నారని అర్థం. అది చూసి లోపల ఒక నీచమైన తృప్తి కలిగేది. సంస్థ పేరుంటే కడుపులో మంట. ఒక స్టాల్లో అలా ఏడెనిమిది పుస్తకాలు తిరగేసి, ఒక్కటీ కొనకుండా బయటికొచ్చి, మిరపకాయ బజ్జీలు తిని బస్సెక్కాను. నా నవల ఎవరూ చదవడం లేదని బాధపడుతున్న మనిషిని నేనే.

ఆ పండగలోనే ఒక ప్రింటరు కలిశాడు. ఇరవై రెండు ఫారాలు, డెమ్మీ సైజు, మూడు వందల ప్రతులు, ముఖచిత్రంతో సహా అరవై రెండు వేలవుతుందని అక్కడికక్కడే కాగితం మీద లెక్క వేసి ఇచ్చాడు. “నెలలో చేతిలో పెడతా మేడమ్. ఎవరి చుట్టూ తిరగడం ఎందుకు మీకు?” అన్నాడు. ఆ కాగితం నా బ్యాగులోనే ఉండిపోయింది.

నా దగ్గర ఆ డబ్బుంది. సమస్యంతా అక్కడే ఉంది. ప్రభుత్వ టీచర్ని, జీతం వస్తుంది. పుస్తకం వేయగలనా అన్న ప్రశ్నకి జవాబు నా నవలలో లేదు, నా బ్యాంకు పాసుబుక్కులో ఉంది. మా ఊళ్ళో ఇప్పటికీ మగ్గం మీద ఉన్న కుర్రాడొకడు నాకంటే బాగా రాసి ఉంటే, అతని పాసుబుక్కు ఏం చెబుతుంది? సొంతంగా వేసుకోవడాన్ని నేను తక్కువ చేయను. తెలుగులో ఎన్నో మంచి పుస్తకాలు రాసినవాళ్ళ జేబుల్లోంచే వచ్చాయి, కవిత్వమైతే మరీను. కానీ మడత విప్పి చూసే మనిషి లేనప్పుడు రాతకి బదులు జేబే పరీక్షకి కూర్చుంటుంది. అది నెగ్గితే ముఖచిత్రం, ఆవిష్కరణ సభ, శాలువా. ‘అద్భుతం’ అని నలుగురు స్నేహితులు మాట్లాడతారు. తర్వాత అట్టపెట్టెల్లో రెండు వందల ఇరవై ప్రతులు మంచం కింద. ఆ మంచం నేను చూశాను, మా స్నేహితురాలి ఇంట్లో. వాళ్ళాయన చీపురు పెట్టడానికి వీల్లేకుండా ఉందని విసుక్కుంటుంటే తను నవ్వింది. ఆ నవ్వు నాకు బాగోలేదు.

ఇక నాలుగోది. చిన్న ప్రచురణ సంస్థ నడిపే ఒక పెద్దాయన. పంపిన పదకొండు వారాలకి కొరియర్‌లో కట్ట తిరిగొచ్చింది. కట్ట మీద తాడు కట్టిన తీరు మారింది. అది చూడగానే విప్పారని తెలిసింది. లోపల అక్కడక్కడా పెన్సిల్ గీతలు. పైన సగం పేజీ ఉత్తరం. మేం వేసుకోలేం అని మొదటి వాక్యంలోనే రాశారు. తర్వాత మూడు విషయాలు. మొదటి ఎనభై పేజీల్లో మీరు కథ చెప్పడం లేదు, మగ్గం పాఠం చెబుతున్నారు, టీచరా మీరు? సంభాషణల్లో మీ ప్రాంతం యాస మధ్యలో పోయి మధ్యలో వస్తోంది, ఉంచితే మొత్తం ఉంచండి, లేకపోతే తీసేయండి. మూడోది, తల్లి పాత్ర. ఆవిడ చేత మూడు వందల పేజీల్లో ఒక్క తప్పు కూడా చేయించలేకపోయారు, ఆవిడ దగ్గర మీరేదో దాస్తున్నారు.

మూడు రోజులు ఆ ఉత్తరంతో పోట్లాడాను. వంట చేస్తూ జవాబులు చెప్పుకున్నాను. మగ్గం గురించి తెలియనివాళ్ళకి చెప్పకపోతే ఎలా? తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతూ ఒక పిల్లకి మూడు మార్కులు ఎక్కువ తగ్గించాను, మర్నాడు మళ్ళీ వేశాను. నిశ్శబ్దం ఏడు నెలలు ఉన్నప్పుడు కూడా ఇంత మంట పుట్టలేదు. నిజం చెప్పాలంటే నిశ్శబ్దంలో ఒక సుఖం ఉంది. వాళ్ళు చదవలేదు, చదివి ఉంటే తీసుకునేవాళ్ళు అని ఎంతకాలమైనా అనుకోవచ్చు. వేలు పడ్డాక ఆ సుఖం ఉండదు. తిరస్కరణని తట్టుకోవడం అంటే గుండె దిటవు చేసుకోవడం అని అందరూ అంటారు. నాకు కష్టమైంది మాత్రం ఆ వేలు ఎక్కడ పడిందో అక్కడికి వంగి చూడటం.

వేలు ఎప్పుడూ సరైన చోటే పడుతుందనీ కాదు. 1944లో జార్జ్ ఆర్వెల్ యానిమల్ ఫామ్‌ని లండన్‌లో ఫేబర్ సంస్థకి పంపితే, అక్కడ డైరెక్టరుగా ఉన్న కవి టి.ఎస్. ఎలియట్ వద్దని ఉత్తరం రాశాడు. చక్కటి రచన అని మెచ్చుకున్నాడు, రాజకీయ దృష్టి ఒప్పించేలా లేదన్నాడు. పందులు మిగతా జంతువులకంటే తెలివైనవి కాబట్టి పెత్తనానికి అవే తగినవి, ఇంకాస్త ప్రజాహితం కోరే పందులుంటే సరిపోతుంది కదా అనే ధోరణిలో వాదించాడు! మరుసటి ఏడు ఆ పుస్తకం ఇంకో సంస్థ వేసింది, ఆ తర్వాత సంగతి అందరికీ తెలుసు. దీన్ని కూడా హారీ పోటర్ కథలాగే ‘చూశారా, ఎలియట్ అంతటివాడు కూడా’ అని చెబుతారు. నాకు అందులో కనిపించేది వేరు. ఎలియట్ చదివాడు, ఏం నచ్చలేదో రాశాడు. ఆ మాట తప్పని ఆర్వెల్ అనుకోవచ్చు, మనమూ అనుకోవచ్చు. ‘చూస్తున్నామండీ’ని తప్పని ఎలా అంటాం? దాంతో వాదించడానికి కూడా ఏమీ లేదు.

నేను కూడా ఆ పెద్దాయన చెప్పిన మూడింట్లో ఒకటి ఒప్పుకోలేదు. యాస మధ్యలో పోయి మధ్యలో రావడం తప్పు కాదు. మా అమ్మ షావుకారు ఇంట్లో ఒకలా మాట్లాడేది, మా ఇంట్లో ఒకలా మాట్లాడేది. అది అలాగే ఉంచాను. మగ్గం పాఠం పీకేశాను. పడుగు, పేక, నాడె, కండె అన్నీ ఎవరో ఒకరు చేతిలో పట్టుకున్నప్పుడే వస్తాయిప్పుడు. వివరించను. అర్థం కాకపోతే రెండు పేజీల తర్వాత అర్థమవుతుంది.

మూడోదానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆయన రాసింది నిజం. నేను దాస్తున్నాను. నాకు పదేళ్ళప్పుడు, మగ్గం ఆగిపోయిన ఒక వానాకాలంలో, షావుకారు ఇచ్చిన నూల్లో కొంత మా అమ్మ బయట అమ్మేసింది. మాకు అన్నం పెట్టడానికే. తూకంలో తేడా వస్తే మాట పడింది నాన్న. ఈ సంగతి మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ పైకి అనలేదు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. నవలలో తల్లి అంత మంచిదిగా ఎందుకుందో ఆ పెద్దాయనకి తెలిసే వీల్లేదు. అయినా వేలు సరిగ్గా అక్కడే పెట్టాడు.

రాసేముందు నాన్నని అడగాలనిపించింది. సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు అడిగాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు మగ్గం లేదు, గుంట పూడ్చేసి బండలు పరిచాం. ఆ బండల వైపు చూస్తూ, “ఎంత తూకం తగ్గిందో గుర్తుందా నీకు?” అన్నాడు. గుర్తులేదన్నాను. అంకె చెప్పాడు. ఎవరికి అమ్మిందో చెప్పాడు. ఆయనకి అప్పుడే తెలుసట. అమ్మకి తెలియకుండా ఏడాది పాటు కొద్దికొద్దిగా తీర్చాడట. ఇది నాకు తెలీదు. నవలలో ఇప్పుడు రెండూ ఉన్నాయి.

మూడు వందల నలభై పేజీలు రెండు వందల అరవై రెండయ్యాయి. ప్రింటరు కాగితం ఇంకా బ్యాగులోనే ఉంది, దాని వెనక పాల లెక్క రాసుకున్నాను. ఆ పెద్దాయనకి మళ్ళీ పంపలేదు. వేసుకోలేం అన్న మనిషిని మొహమాటపెట్టడం ఇష్టం లేక, కృతజ్ఞతలు రాసి ఊరుకున్నాను. కొత్త ప్రతిని ఇంకో సంస్థకి పంపాను. కవరింగ్ లెటర్లో ఒక్క అభ్యర్థన పెట్టాను. వద్దనుకుంటే వద్దని రాయండి, ఎందుకో ఒక్క ముక్క రాస్తే ఇంకా సంతోషం. పాత పత్రికల్లో చెప్పినట్టే నా చిరునామా రాసి, స్టాంపులు అంటించిన కవరు ఒకటి లోపల పెట్టాను.

పోస్టాఫీసులో రిజిస్టర్డ్ పోస్టు చేయమంటే, అది లేదు మేడమ్, సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు అంది కౌంటర్లో అమ్మాయి. సరే స్పీడ్ పోస్టే చేయమన్నాను. నేను ఇంకా కట్ట అంటించలేదు, లోపలి కవరు బయటికి జారింది. తీసి ఇస్తూ దాని మీద అడ్రసు చదివింది.

“ఇది మీకే రాసుకున్నారేంటి మేడమ్?”

“తిరిగి రావడానికమ్మా” అన్నాను.

“పంపకముందే తిరిగి రావడానికి కూడా కడుతున్నారా?” అని నవ్వి, కట్టని తూకం మీద పెట్టింది.

ఇది పద్నాలుగో వారం.